పన్నెండు వేల కిలోమీటర్ల ఉపవాసం

మా అన్న శ్రీపాదరావుకు టొరంటో ప్రయాణం తగిలింది. అక్కడెవరో భక్తులు హోమం చేయించాలని పిలిచారు. టికెట్టు చేతికి రాకముందే ఆదోని మొత్తానికి లెక్క ఒప్పజెప్పాడు: హైదరాబాదు నుంచి పన్నెండు వేల కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో దిగి ఎక్కడంతో కలిపి ఇరవై రెండు గంటలు. ఎమ్మిగనూరులో పెళ్ళికి పోతే తాళి కట్టే వేళకు కూడా పక్కవాడికి విమానం వేగం చెబుతున్నాడు. తనే తోలుకుపోతాడేమో అనిపించింది నాకు.

తేదీ కూడా ఏరికోరి ఏకాదశికే పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు తినేదీ ల్యా, తాగేదీ ల్యా. విమానంలో ఎవరో వండింది ముట్టే పనే ఉండదు సూడు గంగా! దిగేసరికి ద్వాదశి. స్నానం చేసి ఉపవాసం విడిసేదే" అని మురిసిపోయాడు.

ఆ తెలివికి దండం పెట్టాలి. మా ఇంట్లో ఏకాదశి అంటే మర్నాడు పొద్దు పొడిచేదాకా చుక్క నీళ్ళు గొంతు దిగకూడదు. నాకేమో మూత్రపిండాల్లో రాళ్ళు. గంటగంటకూ నీళ్ళు తాగమన్నాడు డాక్టరు. అన్నతో చెబితే "డాక్టరుకేం తెలుసు శాస్త్రం? ఓర్చుకో" అన్నాడు. భర్త పోయి అన్న పంచన చేరినదాన్ని, ఓర్చుకున్నాను. నెలకు రెండుసార్లు నడుం పట్టుకుని నేలమీద పొర్లాను.

ఆయన విమానమెక్కిన రోజూ అంతే. చూసేవాడు లేడు. అయినా బిందె దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నామీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున ఆరింటికి అన్న కోడలు పల్లవి ఫోన్ తెచ్చి చూపించింది. వీడియోలో అన్న, నోటినిండా ఉప్మా. వెనక కిటికీలో ఎండ.

"ఆడా తెల్లారిందా అన్నా?"

"యాడ తెల్లారేది! ఈడ రాత్రి ఎనిమిదిన్నర. పొద్దు ఇంకా గుంకల్యా. పడమరకు పోతే దినం సాగుతుందని నాకెవరు సెప్పినారు? ఈడ ఇంకా ఏకాదశే." గుటక వేశాడు. "తెల్లారేదానికి ఇంకా తొమ్మిది గంటలంట. కండ్లు తిరిగినాయి. ఆదోనిలో పొద్దు పొడిసింది గదా, మనకు ఆదోని లెక్కే ప్రమాణం."

పల్లవి నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది. తన ఆకలికి పన్నెండు వేల కిలోమీటర్ల అవతలి సూర్యుణ్ణి తెప్పించుకున్నాడు. పక్కగదిలో నేను మూలుగుతుంటే ఒక్క గ్లాసు నీళ్ళు తెచ్చివ్వలేకపోయాడు.

పదిరోజులకు తిరిగొచ్చాడు. ఆ వారంలోనే మళ్ళీ ఏకాదశి వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. సముద్రం మీద విమానం ఎంత ఎత్తున పోయిందో చెబుతున్నాడు అన్న. ఉప్మా ఊసు మాత్రం లేదు. నాకు నడుంలో నొప్పి మొదలైంది. వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, అందరి మధ్యా నిలబడి తాగాను.

"గంగా! ఏకాదశే!"

"తెలుసన్నా."

"తెలిసీ ఏ లెక్కన తాగినావు?" అని కసిరాడు అన్న.

"ఏ ఊరి లెక్కా కాదన్నా. నొప్పి నాది" అని, మిగిలిన నీళ్ళు కూడా ఆయన కళ్ళలోకి చూస్తూనే తాగేశాను.