అలమరలో ఉండిపోయిన మీటరు

కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి ప్రాణం పోయడంలో ఆ వీధిలో మోటారమ్మను మించినవారు లేరు. పనిలో ఎంత నిక్కచ్చో, మాటలో అంతకు రెండింతలు. కూతురు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరి ఊళ్లు తిరగడం మొదలుపెట్టిన రోజునే తన పెద్ద మల్టీమీటరును ఆమె చేతిలో పెట్టింది. "కరెంటు లేదని ఇది చెప్పాకే తీగ మీద చెయ్యి వెయ్యి" అని ఆజ్ఞాపించింది. ఆ మీటరు ఇటుకంత ఉంటుంది. దాని మాట తప్పడం మోటారమ్మ ఎన్నడూ చూడలేదు.

ఆ ఆదివారం, కూతురి మరునాటి ప్రయాణానికి సంచి సర్దుతూ, మీటరు అలమరలో కనిపిస్తే తీసి మీట తిప్పింది. తెర వెలగలేదు. వెనక మూత ఊడదీస్తే బ్యాటరీ కారిపోయి తెల్లగా పొక్కు కట్టి ఉంది. ఒక్క వారంలో జరిగే పని కాదది.

"ఏమే, ఇన్నాళ్లూ దేంతో చూస్తున్నావ్?"

కూతురు తల దించుకుంది. "టెస్టర్‌తో."

"దాని లైటు వెలగలేదని చెయ్యి పెట్టేస్తున్నావా? నీకేమన్నా అయితే నేనెవరితో చెప్పుకోను?"

"అంత బరువు వేసుకుని అన్ని మెట్లూ ఎక్కలేకపోతున్నానమ్మా. లిఫ్టు పాడైతేనే కదా నన్ను పిలిచేది!"

మోటారమ్మ స్పానర్లతో, బట్టలతో నిండిన ఆ సంచిని భుజానికి తగిలించుకుని గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. పట్టీ భుజంలోకి దిగబడింది. దాచడం పిల్ల తప్పే. కానీ మోయలేనిది నెత్తిన పెట్టి, మోయలేదని కోప్పడడం ఏం న్యాయం?

సాయంత్రం ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. కొట్టతను పేకముక్కంత మీటరు తీశాడు. "ఇదిగోండి మోటారమ్మగారూ, అమ్మాయిల చేతికి ముద్దుగా ఉంటుంది."

"కరెంటుకు అమ్మాయో అబ్బాయో తెలియదు నాయనా. ముందు ప్లగ్గులో పెట్టు."

అంకె వచ్చింది. దాని తీగలు మీటరుకే అతికించి ఉన్నాయి. మోటారమ్మ ఒక తీగను మొదలు దగ్గర అటూ ఇటూ వంచింది. అంకె మినుకుమని సున్నాకు పడిపోయింది.

"షోకేసులోదండీ, అందరూ తిప్పి తిప్పి చూశారు" అని నసిగాడతను.

"చూసినందుకే తెగితే, ఊళ్లు తిరిగితే ఏమవుతుంది? ఉన్న కరెంటును లేదంటోంది. పనిచెయ్యని మీటరైనా నయం, అబద్ధం చెప్పదు."

తర్వాత అతను తీసిన మీటరు అరచేతిలో ఇమిడింది. తీగలు ఊడదీసి మార్చుకోవచ్చు. భవనాల కరెంటుకు ఎంతవరకు వాడవచ్చో దాని మీదే అచ్చు వేసి ఉంది. ఈసారి కూతురే అందుకుంది. ప్లగ్గులో చూసింది, స్విచ్ ఆపి చూసింది, మళ్లీ వేసి చూసింది.

"మళ్లీ ఎందుకమ్మా?" అన్నాడు కొట్టతను.

"మధ్యలో ఇది చచ్చిపోలేదని తెలియాలి కదండీ!"

మోటారమ్మ ముఖం కాస్త విచ్చుకుంది.

తెల్లవారాక సంచి ఎత్తి చూసింది. తేలికగా ఉంది. ఆ తేలికే ఆమెకు నచ్చలేదు. తెరిచి వెతికింది. మీటరు లేదు.

"ఏమే!"

గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న కూతురు చొక్కా జేబు తట్టి చూపించింది. మీటరు తీగలు బయటికి వేలాడుతున్నాయి. "ఇక్కడుందమ్మా. ఇంట్లో ప్లగ్గులో చూశా, బతికే ఉంది. అక్కడికెళ్లగానే ఫోన్ చేస్తా."

"ఫోను తర్వాత చేద్దువుగాని. ముందు అక్కడ మళ్లీ చూసుకో."