వెనక తలుపు మీద కొంగ

బస్సుల పిచ్చి ఉన్నవాళ్లను మీరెప్పుడైనా చూశారో లేదో గానీ, అది మామూలు పిచ్చి కాదు. సినిమా పిచ్చి మూడు గంటల్లో దిగుతుంది, పేకాట పిచ్చి జేబు ఖాళీ అయ్యాక దిగుతుంది. ఇది మాత్రం రోడ్డు కనబడ్డంతకాలం దిగదు. శ్రీకాకుళంలో ఒక మిషన్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసే శాంతికుమార్‌కు ఆ పిచ్చి నిక్కరు వేసుకునే రోజుల నుంచీ ఉంది. కళ్లు మూసుకుని హారను వింటే అది ఏ డిపో బండో చెప్పేవాడు. పెళ్లాం బిడ్డల ఫొటోలు పది తీస్తే బస్సుల ఫొటోలు పదివేలు తీశాడు.

2016లో ఫేస్‌బుక్కులో 'సిక్కోలు బస్సు అభిమానులు' అని గ్రూపు పెట్టాడు. ఏడాది తిరక్కుండానే నాలుగు వేలమంది చేరారు. అక్కడి వాదనలు చూస్తే కోర్టు ప్లీడర్లు కూడా దండం పెట్టేసి వెళ్లిపోవాలి. గాలి సంచుల మీద కూర్చునే ఎయిర్ సస్పెన్షన్ గొప్పదా, ఇనప పట్టీల కమాన్ల బండే గొప్పదా? మొదటి మెట్టు ఎంత ఎత్తుండాలి? నీలం మీద పసుపు గీత నప్పుతుందా, చీదరగా ఉంటుందా? తిట్టుకునేవారు, బ్లాకు చేసుకునేవారు, వారం తిరిగేసరికి ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా టీ తాగుతూ కలిసిపోయేవారు.

మాస్టారికి ఆ గ్రూపులో కంట్లో నలుసు తిరుమలరావు. విజయనగరంలో ముప్పై యేళ్లు బస్సు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏ బండి అందం గురించి రాసినా, కింద ఆయన మాట ఒకటే ఉండేది. "రంగు సూసి ఎక్కుతారు బాబూ, దిగడానికి తలుపుండాల. ముందు తలుపు సంగతి సెప్పండి." పెళ్లికూతుర్ని చూపిస్తుంటే పళ్లు లెక్కపెట్టే రకం అని మాస్టారు ఆయన్ని వెక్కిరించేవాడు. నలుగురూ నవ్వేవారు. తిరుమలరావు మాత్రం ఎన్నడూ కోపం తెచ్చుకోలేదు.

ఇలా ఉండగా మహేంద్రతనయ ట్రావెల్సు ఓనరు గణపతిరావు కొత్త ఏసీ బస్సు కొన్నాడు. ఒళ్లంతా ఏ బొమ్మలు వేయిస్తే బాగుంటుందో చెప్పమని గ్రూపులోనే అడిగాడు. మాస్టారు రెండు వారాలు స్కూలు నుంచి వస్తూనే బల్ల ముందు కూర్చున్నాడు. బండంతా సముద్రపు నీలం. కిటికీల కింద నౌపడ ఉప్పు మళ్లు, తెల్లటి ఉప్పు కుప్పలు. వాటి మీదుగా ముందు నుంచి వెనక్కి కొంగలు ఎగురుతుంటాయి. అన్నిటికన్నా పెద్ద కొంగ బస్సు వెనక గోడ నిండా రెక్కలు విప్పుకుని ఉంటుంది. నిజం చెప్పాలి, అంత అందమైన బస్సు ఆ రెండు జిల్లాల్లో ఎవరూ చూసి ఉండరు.

చిక్కల్లా ఒకటే. వెనక గోడ మధ్యలో అత్యవసర ద్వారం ఉంది. దాని మీద ఎర్రక్షరాలు, చుట్టూ ఎర్ర గీత, ఒక ఇనప పిడి. మాస్టారి బొమ్మలో ఇవేవీ లేవు.

"కొంగ బాగున్నాది. తలుపేదీ?" అని తిరుమలరావు రాశాడు.

మాస్టారు ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. "ప్రమాదం రాసిపెట్టి ఉంటే నాలుగు ఎర్రక్షరాలు ఆపుతాయా? చక్కటి ముఖం మీద జీవితాంతం మచ్చ పెట్టుకు తిరగాలా?" అని జవాబిచ్చాడు. ఆ మాటకు మూడు వందల లైకులు వచ్చాయి. మాస్టారు భోజనం దగ్గర కూడా ఫోను తీసి చూసుకున్నాడు.

బండికి ముందు ఎర్రక్షరాలతోనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తీసుకున్నారు. ఆ కాగితం చేతికొచ్చాకే బస్సును నూకయ్య షెడ్డుకు తెచ్చారు. నూకయ్య స్టిక్కర్లు అతికించే పనివాడు. ఒకప్పుడు బోర్డులు రాసేవాడు. అక్షరానికి ఒడుపు నేర్పాడని మాస్టారంటే అతనికి గురువంత గౌరవం.

"ఈ పిడి ఉంచీమంటారేటి బాబూ?" అని నూకయ్య అడిగాడు.

"తీసెయ్. కొంగ రొమ్ము మీద ఇనప ముక్కేటి?"

"బ్రేకు ఇనిస్పెట్రు అడిగితేనో?"

"అడిగినప్పుడు చూద్దాం. నేను చెప్తున్నాను కదా."

పక్కనే ఉన్న గణపతిరావు ఫోను మాట్లాడుకుంటూ తలూపాడు. లోపల ఆ తలుపుకు అడ్డంగా ఆయన అప్పటికే ఇంకో సీటు వేయించుకున్నాడు. నూకయ్య పిడి ఊడదీశాడు, బొక్కను పుట్టీతో పూడ్చాడు, తలుపు సందు కనబడకుండా స్టిక్కరు లాగి అతికించాడు. మాస్టారు నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడి చూసుకుంటే కళ్లు చెమర్చాయి.

మరుసటి ఏడాది అక్టోబరులో మాస్టారి చర్చి సంఘంవాళ్లు విజయనగరంలో జరిగే ప్రార్థన కూటాలకు బస్సు మాట్లాడుకోవాలనుకున్నారు. మహేంద్రతనయ బండే మాట్లాడండని పట్టుబట్టినవాడు మాస్టారే. శనివారం పొద్దున్న నలభై రెండు మంది ఎక్కారు. మాస్టారి అక్క కూతురు మెర్సీ కూడా ఎక్కింది. నర్సింగు చదువుతోంది, పాటలు బాగా పాడుతుంది. మాస్టారు మాత్రం ఎక్కలేదు. లోపల కూర్చుంటే బండి కనబడదు కదా. మోటారు సైకిలు మీద ముందే వెళ్లి చీపురుపల్లి ఇవతల ఒక మలుపు దగ్గర కెమెరా పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. ఎదురుగా లారీ వచ్చింది. బస్సు కాస్త పక్కకు తప్పుకుంది, అంతే. వానలకు నాని ఉన్న రోడ్డు అంచు విరిగి, ఇటుకల బట్టీకి మట్టి తవ్విన గోతిలోకి జారిపోయింది. గోతినిండా నీళ్లు. ఎక్కే తలుపున్న ఎడమ వైపు కిందికి పోయింది, మూతి బురదలో కూరుకుంది. వెనక భాగం మాత్రం ఇంకా పైకి తేలి ఉంది, అదీ మెల్లగా నీళ్లలోకి దిగుతోంది.

పొలాల్లోంచి రైతులు గునపాలతో పరిగెత్తుకొచ్చారు. "తలుపెటేపుందిరా?" అని ఒకర్నొకరు అడుగుతూ బస్సు చుట్టూ నడుము లోతు నీళ్లలో తిరిగారు. నీలం రంగు, ఉప్పు కుప్పలు, కొంగలు తప్ప వాళ్లకేమీ కనబడలేదు. తలుపెక్కడుందో అక్కడ తెలిసినవాడు ఒక్కడే. మాస్టారు నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చి కొంగ రొమ్మును గోళ్లతో రక్కడం మొదలుపెట్టాడు. నూకయ్య పని గట్టిది. స్టిక్కరు పోగులు పోగులుగా ఊడింది గానీ సందు దొరకలేదు. పట్టుకు లాగడానికి పిడి లేదు. లోపల్నుంచి ఎవరో అరచేత్తో కొడుతున్నారు. ఆ చప్పుడు మాస్టారి చేతుల కిందే వినబడింది. కాసేపటికి ఆగింది.

ఇంతలో రైతులు పక్క అద్దాలు పగలగొట్టారు. ముప్పై ఏడు మందిని బయటికి లాగారు. ఐదుగురు పోయారు, ఐదుగురూ చివరి వరుసల్లో, తెరుచుకోని ఆ తలుపు దగ్గర ఇరుక్కున్నవాళ్లే. వాళ్లలో మెర్సీ ఉంది.

మాస్టారి వేళ్లకు కట్లు కట్టారు. సమాధుల తోటలో ఆ కట్లు చూసి అందరూ ఏడ్చారు. "నా బిడ్డ కోసం గోళ్లూడేలా పీకినాడు నా తమ్ముడు" అని అక్క ఆ చేతుల్ని కళ్లకద్దుకుంది. ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని గ్రూపులో తన బొమ్మ, తన జవాబు, మూడు వందల లైకులు అన్నీ చెరిపేశాడు.

మూడో రోజు తిరుమలరావు ఫోను చేశాడు. "పోస్టు తీసీసినారు, సూసినాను. నాను ఎవులికీ సెప్పను మాస్టారూ. నాలుగేల మందీ సూసి ఊరుకున్నోలే, ఒకలూ నోరిప్పరు. కానీ నూకయ్యని లోపలేసినారు, తెల్సా? ఓనరు లేనప్పుడు ఆడే సొంతంగా పిడి పీకీసినాడని గణపతిరావు రాసిచ్చినాడట. సొమ్మున్నోడు, బెయిలు మీద బయటికొచ్చీసినాడు."

మాస్టారు ఫోను పెట్టేశాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, జైలవుతుంది, అక్క మొహం చూడలేడు. నెల రోజులు ఈ మూడూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ బతికాడు. పాపిష్టి బతుకంటే అదే.

ఒక మధ్యాహ్నం నూకయ్య పెళ్లాం జగ్గమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. చేతిలో తెల్ల కాగితాలున్నాయి.

"కలెట్రు గారికి అర్జీ రాయించమన్నారు బాబూ. మీ అచ్చరం బాగుంతాదని మావోడు మీకాడికే ఎల్లమన్నాడు."

"నూకయ్య ఇంకేమన్నాడు?"

"ఎవులు సెప్తే పీకినావురా అని పోలీసోలు గట్టిగా అడిగినారట. నోరిప్పనేదు. నాకూ సెప్పనేదు. నాకు పని నేర్పినోడు, ఆ పేరు నా నోటెంట రాదు అంటన్నాడు." ఆమె గడప మీద కూర్చుంది. "ముగ్గురు పిల్లలు బాబూ. ఆడు ఎవుల్ని కాసుకొస్తన్నాడో నాకు తెల్దు. మీకేటైనా తెల్సా?"

"తెలీదు" అన్నాడు మాస్టారు.

కాగితం తీసుకుని రాశాడు. చదువులేనివాడని, ఎవరి సలహా లేకుండా అజ్ఞానంతో చేసిన పొరపాటని, దయతలచి విడిచిపెట్టాలని. ఒక్క కొట్టివేత లేదు. జగ్గమ్మ అందుకుని, రెండు చేతులూ జోడించి, గేటు దాకా వెళ్లి ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఓపాలి సదివి ఇనిపించండి. ఏటి రాసినారో తెలకుండా ఏలిముద్దర ఎలాగేస్తాను?"

మాస్టారు చదవడం మొదలుపెట్టాడు. కలెక్టరు గారి దివ్యసముఖమునకు అన్నంతవరకు కాగితంలో ఉన్నదే చదివాడు. ఆ తర్వాత చూపు కాగితం మీదే ఉంది, నోరు మాత్రం వేరే మాటలు పలికింది. ఆ బస్సు బొమ్మ గీసినవాణ్ని నేను. పిడి తీసెయ్యమన్నది నేను. ఇనిస్పెక్టరు అడుగుతాడని నూకయ్య చెప్పినా వినలేదు. తలుపు ఎక్కడుందో ఎవరికీ కనబడకూడదన్నదే నా కోరిక. లోపల్నుంచి కొడుతున్న చప్పుడు నేను విన్నాను.

జగ్గమ్మ ఆ కాగితం వైపు వేలు చూపించింది. ఏడవలేదు, తిట్టలేదు.

"అలాగే రాసినారేటి?"

"లేదు."

ఆమె ఆయన చేతిలోంచి ఆ కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేసి కొంగున ముడేసుకుంది. తెచ్చిన వాటిలో ఇంకొక తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మళ్లీ వెళ్లి గడప మీద, దారికి అడ్డంగా కూర్చుంది.

"రాయండయితే" అంది.