నలభై జీబీల చెరువు

"తొంభై తొమ్మిది... వంద! ఎక్కేసిందండీ!"

నా అరుపుకి భీమవరం చేపల రైతు బుల్లియ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కంప్యూటర్లో నాలుగు జీబీల హార్డ్‌డిస్క్ నిండిపోయింది. మూడేళ్ల నీటి పరీక్షలు, చేపల తూకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు నలభై జీబీల కొత్త డిస్క్‌లోకి ఎక్కించడానికి వచ్చాను నేను.

"ఉషారాణిగారూ, చేపపిల్లల్ని చిన్న చెరువులోంచి పెద్ద చెరువులోకి మార్చినట్టేనాండీ?"

"అచ్చం అంతేనండీ!" అన్నాను హుషారుగా. ఆ మాట ఎందుకన్నానో!

పాతది విప్పి బల్ల మీద పెట్టాను. కొత్తది బిగించి స్విచ్ నొక్కితే, అసలు డిస్కే లేదంటూ తెర మీద పడింది. బల్ల వైపు తిరిగితే పాతదీ లేదు.

"పాత డిస్క్ ఇలా ఇవ్వండి, త్వరగా!"

ఆయన పెరట్లోంచి తెచ్చారు. దానిలోంచి నీళ్లు కారుతున్నాయి.

"కడిగేశారా!"

"పిల్లలన్నీ పెద్ద చెరువులోకి వెళ్లిపోయాక పాతది కడిగి ఎండబెట్టాలి కదండీ! బ్లీచింగ్ కూడా చల్లుదామనుకున్నాను."

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేసి, మళ్లీ కేసు విప్పాను. కేబుల్ వదులుగా ఉంది! గట్టిగా నొక్కి స్విచ్ వేశాను. ఒకటో చెరువు, రెండో చెరువు, మూడో చెరువు... పదకొండు ఫైళ్లూ తెరుచుకున్నాయి. ఎగిరి గంతేశాను.

బుల్లియ్యగారు తెరకి కళ్లానించి, వేలుపెట్టి ఒక్కొక్కటే చూసుకున్నారు.

"ఒక్క పిల్ల కూడా చావలేదండీ!"