తూర్పు తలుపు

అర్చన పూరీలు వత్తుతుంటే జయపాల్ చెప్పులేసుకుంటూ అన్నాడు: "హాలు కాడికి పదిమందికి టిఫిను పంపు. నువ్వు రాకు, ఉత్త పరేషాన్. రేపు ప్రారంభానికి మంచి చీర గట్టుకొని వస్తే చాలు."

వనపర్తిలో కొత్తగా లేచిన ఆ హాలును గీసింది అర్చనే. సంగీత కచేరీలకూ, పెద్ద సమావేశాలకూ ఒకే కప్పు. రంగు పూయని కాంక్రీటు గోడలు, చేటలా వెనక్కి విచ్చుకునే కుర్చీల వరుసలు, పాట గింగురుమనకుండా మడతలు పెట్టిన పక్కగోడలు. భార్యాభర్తలిద్దరూ ఒకే కాలేజీలో ఆర్కిటెక్చర్ చదివారు. పెళ్లయ్యాక ఆయన ఆఫీసు నడిపాడు, ఆమె వంట ముగించి భోజనాల బల్ల మీద ప్లాన్లు గీసింది. వాటి మీద పేరు మాత్రం ఆయనదే. "పేరుదేమున్నది బిడ్డా, ఇల్లొకటే గదా" అనేది అత్త సావిత్రమ్మ. కాబోలు అనుకుంటూనే అర్చన ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

ఆ రోజు టిఫిను తానే తీసుకెళ్లింది. సన్నటి కిటికీల వెలుగు వేదిక మీద, తాననుకున్న చోటే పడుతోంది. గుండె నిండింది. అంతలో తూర్పువైపు చూసి ఆగిపోయింది. బాల్కనీ మెట్లు దిగి బయటికి పోయే తలుపు లేదు. కొత్త ఇటుక గోడ ఉంది.

"ఇదేంది కురుమూర్తన్నా?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "సారే కట్టమన్నడమ్మా. అవుతల పెద్దోళ్లకు ఏసీ రూమట."

రేపు బాల్కనీ నిండా మహిళా సంఘాల వాళ్లే, చంకన పిల్లలతో. ఏ వైరో అంటుకుని పొగ లేస్తే వాళ్లు ఎటు పోవాలి? కిందికి దిగితే జనం మీదికే.

జయపాల్ గబగబా వచ్చి గొంతు తగ్గించాడు. "అందరి ముందర గడబిడ చేయకు. ఇంట్ల మాట్లాడుకుందాం."

ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆయన టీవీ శబ్దం పెంచుతాడు. "మొగోని పని మొగోనికి ఇడ్సిపెట్టు" అంటుంది అత్త. తెల్లారి మళ్లీ పొయ్యి వెలుగుతుంది, గోడ గోడలాగే ఉంటుంది.

"కురుమూర్తన్నా, గడ్డపార తే. గోడ తీసెయ్."

మేస్త్రీ సారు వైపు చూశాడు. జయపాల్ నవ్వబోయాడు. "మా ఇంటామె ఊకెనే భయపడ్తది. నువ్వు పోయి పని చూస్కో."

అర్చన తానే వెళ్లి గడ్డపార అందుకుంది. మొదటి దెబ్బకు సిమెంటు పెచ్చు రాలింది. రెండో దెబ్బకు ఒక ఇటుక కదిలింది.

"పిచ్చిలేసిందా? రేపు పెద్దోళ్లొచ్చి రూమేదంటే ఏం చెప్పాలె నేను?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"నన్నడగమను. ఈ హాలు గీసింది అర్చన అని చెప్పు."