హెల్మెట్ వేషం

షట్టరు ఎత్తకముందే ఆ టైర్ల గోదాం వెనక పెరట్లో దెబ్బల చప్పుడు మొదలయ్యేది. యజమాని నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, పాత ఫ్యాన్ బెల్టుతో దొంగలా గోడ దూకి వచ్చేవాడు. తన గోడే, తన పెరడే. స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉన్న లేత పసుపు రంగు ల్యాబ్రడార్ కుక్క వీపు మీద బెల్టు ఛెళ్ళుమనేది. దీన్ని ఆయన ట్రైనింగ్ అనేవాడు. ఇరుగుపొరుగు వాళ్ళు మేడల మీంచి చూసి నవ్వుకునేవారు. పాఠకులారా, అంతమందిలో ఒక్కరు కూడా దాన్ని హింస అనలేదు.

కుక్క పేరు దొర. కూనగా ఉన్నప్పుడు దాని బొద్దు మొహం చూసి ముచ్చటపడి కొన్నాడు. తీరా పెరిగాక అది ఎవరొచ్చినా తోక ఊపడం, వాళ్ళ చెప్పులు నోట కరుచుకుని తెచ్చివ్వడం చూసి ఆయనకు ఒళ్ళు మండింది.

"అంత ఒళ్ళేసుకుని ఏం లాభం? ముసుగేసుకున్నవాడు కనబడితే పీక పట్టుకోవాలి. అందాకా దీనికి ఒంటిపూట తిండే," అన్నాడు భార్యతో.

"చెవి తెగ గోక్కుంటోందండీ. వాసన కూడా వస్తోంది. డాక్టరుకు చూపిద్దాం."

"చెవి సంగతి తర్వాత. ముందు దానికి కోపం రానీ."

దొరకు కోపం రాలేదు. భయం వచ్చింది. గోడ అవతల ఆయన అడుగుల చప్పుడు వినబడితే చాలు, తోక ముడుచుకుని నేలకు కరుచుకుపోయేది. హెల్మెట్ కనబడకముందే అది తనకే భయపడుతోందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఇద్దరు హెల్మెట్లతో గోదాంలోకి వచ్చారు. చేతుల్లో ఇనుప రాడ్లు. బయట వాళ్ళ వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

యజమాని పెరట్లోకి పరుగెత్తి దొర గొలుసు విప్పేశాడు. "పట్టుకో దొరా, చీల్చెయ్."

దొర వాళ్ళ దగ్గరికి పరుగెత్తింది. ఒకడి చేయి వాసన చూసి తోక ఊపింది.

"అన్నా, కాపలా కుక్క అంటే ఇలా ఉండాలి. టైర్లతోపాటు దీన్నీ ఎక్కించేద్దామా?" అన్నాడు వాడు.

"ముందు వీడి సంగతి చూడరా."

మొదటి దెబ్బ భుజం మీద, రెండోది తల మీద పడ్డాయి. యజమాని టైర్ల వరస మీదకు కూలిపోయాడు. డొక్కలో బూటుకాలితో తన్నుతుంటే ఊపిరాడలేదు. వాళ్ళు కొత్త టైర్లన్నీ వ్యానులోకి విసిరేసుకుని వెళ్ళిపోయారు.

కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ ఆయన లేచాడు. మూలన నక్కిన దొర కనబడింది. జాకీ రాడ్ అందుకున్నాడు. మొదటి దెబ్బకే కుక్క గోడకు కొట్టుకుని కుయ్యోమంది. చెవి పట్టుకుని బయటికి ఈడ్చాడు. అంతే, దొర పళ్ళు ఆయన మణికట్టులో దిగబడ్డాయి.

"నన్నే కరుస్తావా? ఈరోజు నువ్వుండవు."

నెత్తురోడుతున్న చేత్తోనే రాడ్ ఎత్తి, తలకు గురిచూసి దించాడు. అడ్డంగా ఒక చేయి వచ్చింది. ఎముక విరిగిన చప్పుడు ఆయన చెవికి స్పష్టంగా వినబడింది. దొర మూలుగు విని పరుగున వచ్చిన భార్య కేక కూడా పెట్టకుండా కుక్క మీదకు ఒరిగిపోయింది.

మర్నాడు ఆ చేతికి కట్టుతోనే ఆమె దొరను పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చింది. వెనకాలే ఆయన, తలకు కుట్లతో.

"రెండు చెవుల్నిండా చీము," అంది డాక్టరమ్మ. "వీటికి చెవులు వేలాడతాయి, తడి ఆరదు. తుడవకపోతే లోపల కుళ్ళుతాయి. మీరు పట్టి లాగింది సరిగ్గా అక్కడే."

"మరి దొంగల్నెందుకు కరవలేదండీ?" అన్నాడాయన.

"దొంగలు దాన్నెప్పుడు కొట్టారు?"

"నేనూ దొంగలాగే రెయిన్‌కోటు, హెల్మెట్ వేసుకునే కదండీ కొట్టాను?"

"రెయిన్‌కోటు మీ కంటికండీ. దాని ముక్కుకు మీరు మీరే. వేటలో కూలిన పక్షిని పంటిగాటు పడకుండా తెచ్చివ్వడానికి తరతరాలుగా పెంచిన జాతి ఇది. మనిషి చేతికి ఏదైనా అందిస్తే దానికదే సంబరం. రోజూ పరుగు కావాలి, కొలిచిన తిండి కావాలి, మనుషుల మధ్య కాస్త చోటు కావాలి. కాపలాకైతే మంచి తాళం కొనుక్కోండి."

ఆయన మెల్లగా చేయి చాపాడు. దొర బల్ల కిందికి దూరి అక్కడే మూత్రం పోసుకుంది.

"దీన్ని మా అక్క ఇంటికి తీసుకెళ్తున్నాను," అంది భార్య.

"నేనూ వస్తాను. మందు నేనే వేస్తాను."

"వద్దు. దానికి మీరంటే భయం." కట్టున్న చేతిని గుండెకు ఆనించుకుంది. "నాక్కూడా."

ఆమె గొలుసు వదిలేసి, మెత్తటి తాడు ఒకటి అడిగి తీసుకుని కుక్కతో బయటికి నడిచింది. ఆయన వంగి ఆ గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. శత్రువు కోసమని మనం పెంచే క్రూరత్వం శత్రువు దాకా వెళ్ళదని, మన ఇంట్లోవాళ్ళనే ముందు కాటేస్తుందని, ఆ గొలుసుతో అక్కడే నిలబడి ఆయన తెలుసుకున్నాడు.