కాళ్ళు లేని పెళ్ళికొడుకు

మా తమ్ముడు బాలచంద్రకు రెండు కాళ్ళూ ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. ఈ మాట ఊరికి చెప్పుకోవలసిన గతి నాకు పట్టడానికి కారణం మా ఆయన మునికుమార్, ఆయనగారి కెమెరా.

మా ఆయన చిత్తూరు కోర్టులో గుమాస్తా. కెమెరా కొనేదాకా అందరిలాంటి మనిషే. కెమెరా వచ్చాక లెన్సు కావాలన్నాడు. లెన్సు వచ్చాక దానికి తోడు ఇంకో లెన్సు. వాటికి తేమ తగలకూడదట, అందుకని బీరువాలో నా పట్టుచీరలు అటకెక్కాయి. ఇంత సరంజామా పెట్టుకుని ఆయన తీసేది మా పిట్టగోడ మీద వాలే కాకులను. ఫోటో బాగా రాకపోతే తప్పు ఎండది, లేకపోతే లెన్సుది, అదీ కాకపోతే కాకిది. ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి కొత్త మద్దెల కొంటాడు.

కాకులతో ఊరుకుని ఉంటే నాకు గొడవ లేదు. తమ్ముడి పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోల మీద పడ్డాడు.

తమ్ముడు బంగారుపాళ్యం దగ్గర మా మామిడి తోట చూసుకుంటాడు. ముప్పై దాటాయి. ఈ రోజుల్లో ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చున్న వాడికైనా పిల్లనిస్తారు గానీ సేద్యగాడికి ఇవ్వరు. సంబంధాలు చెప్పే వరదయ్య ఒక ఫోటో పంపమన్నాడు. స్టూడియోకు పంపుదామంటే మా ఆయన అలిగాడు. "ఇంట్లో ఇంత కెమెరా పెట్టుకోని స్టూడియోకా? నా మర్యాద ఏం కావాల?" అన్నాడు.

సరే, మర్యాద కాపాడాం. తమ్ముణ్ణి తోటలో నిలబెట్టి నడుం దాకా తీశాడు. వెనకున్న చెట్లన్నీ మంచులా కరిగిపోయాయి. అలా కరగడానికే ఆ లెన్సుకు అంత ధర అని మురిసిపోయాడు. ఆ ఫోటో పట్టుకుని వెళ్ళిన రెండు సంబంధాలూ వెనక్కి తిరిగొచ్చాయి. ఎందుకని వరదయ్యను నిలదీశాను.

"ఏమని చెప్పేదమ్మా. పిల్లోడికి కాళ్ళు అవిటేమో, అందుకే నడుంకాడికి తీసినారు అంటా ఉండారు. తోట ఉండాదంటిరే, యాడుండాది, ఎనకంతా పొగే కదా అంటా ఉండారు."

మా వైపు సంబంధాలకు పంపే ఫోటో అంటే నిలువు ఫోటో. తల నుంచి చెప్పుల దాకా మనిషంతా పడాలి. ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు, మా ఆయనకు తప్ప. మా అమ్మ గంగులమ్మ, "నా బిడ్డ కుంటోడంట" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ మా ఇంట్లో ఏడుపు అమ్మ వంతు, కోపం నా వంతు. ఆ పూట మా ఆయనకు అన్నం పెట్టాను గానీ కూర వేయలేదు.

వరదయ్య ఇంకో సంబంధం చెప్పాడు. పూతలపట్టు మునిరామయ్య కూతురు కోమలి. బట్టలు కుట్టే షాపు నడుపుకుంటోంది. మనిషిని చూస్తే చాలు, టేపు లేకుండా కొలత చెప్పేస్తుందట. తమ్ముడు మాత్రం తేల్చి చెప్పాడు: "అక్కా, ఇదీ పోతే ఇంక నా పెళ్ళి మాట ఎత్తొద్దు. కాయలమ్ముకోని బతికేస్తా."

ఆదివారం అందరం మళ్ళీ తోటకు వెళ్ళాం. మా ఆయన మూడు కాళ్ళ స్టాండు నాటాడు. వెలుగు మళ్ళించే వెండిరంగు రేకు ఒకటి అమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని వడియాల చాటలా పట్టుకుని నిలబడింది. తమ్ముడు ఇస్త్రీ చొక్కాలో పోలీసుస్టేషన్లో నిలబెట్టినట్టు నిలబడ్డాడు, పెదవులు బిగించుకుని. పన్ను మీద పన్ను ఉందని వాడికి చిన్నప్పటి నుంచీ సిగ్గు.

"నవ్వప్పా," అన్నాడు మా ఆయన.

"నవ్వతానే ఉండాను బావా."

తీరా చూస్తే కాళ్ళు పట్టడం లేదు. మా ఆయన తెచ్చింది కాకుల లెన్సు, దూరానివి దగ్గరికి లాగేది. మనిషంతా పట్టాలంటే బాగా దూరం పోవాలి. కెమెరా స్టాండు మీంచి ఊడదీసి, కంటికి ఆనించుకుని వెనక్కి నడిచాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నడిచాడు. వెనకాల చెట్టుకు పాదు తీసి ఉంది. ఆ పొద్దునే నీళ్ళు కూడా పెట్టారు. చెబుదామని నోరు తెరిచాను. కూర వేయని ఆ పూట గుర్తొచ్చి కొంచెం ఆలస్యంగా తెరిచాను.

బురదలో వెల్లకిలా పడ్డాడు. పడుతున్నా వేలు మాత్రం బటన్ మీంచి తీయలేదు.

ఇంటికొచ్చాక ఆ ఫోటోలు ఫోన్లోకి ఎక్కించి చూసుకున్నాడు. కొమ్మలు, ఆకాశం, అమ్మ చీర కుచ్చెళ్ళు. మధ్యలో ఒకటి తమ్ముడిది. ఒక పక్కకు ఒరిగింది గానీ వాడు తల నుంచి చెప్పుల దాకా ఉన్నాడు. వెనక తోటంతా కాయలతో సహా ఉంది. వాడు నవ్వుతున్నాడు, పన్ను మీద పన్ను కనబడేలా, మనసారా. నా తమ్ముడు ఇంత బాగుంటాడని నేనే మరిచిపోయాను.

"వంకరగా వచ్చినాది. తీసేస్తా," అన్నాడు మా ఆయన.

ముందు స్నానం చేసి రమ్మన్నాను. ఆయన చెవుల్లో బురద కడుక్కునే లోపల ఆ ఫోటో వరదయ్యకు పంపేశాను.

పూతలపట్టు నుంచి రమ్మని కబురొచ్చింది. వెళ్ళాం. తమ్ముడు గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే మునిరామయ్య వాడి కాళ్ళకేసే చూశాడు. ఆ గండం గడిచింది. కానీ లోపల కూర్చున్నాక వాడు మళ్ళీ పెదవులు బిగించాడు. కోమలి కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, చేతిలోని ఫోన్లో ఫోటో చూసింది. వాణ్ణి చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

"నాయనా, ఫోటోలో ఉండేది ఈయన మాదిరి లేదే," అంది.

మునిరామయ్య వరదయ్య వైపు తిరిగాడు. వరదయ్య కాఫీలోకి తలదించాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయిపోయింది, ఇదీ పోయింది అనుకున్నాను.

"ఎవురు తీసినారు దీన్ని?" అనడిగింది కోమలి.

మా ఆయన కాలరు సర్దుకున్నాడు. "నేనేనమ్మా. నేలకు ఆనుకోని కిందనుంచి తీసే పద్ధతి ఇది. చానా సాధన కావాల. అందరి చేతా కాదు."

కోమలి ఫోటోను వేళ్ళతో పెద్దది చేసింది. "ఈ మూల ఆకాశంలోకి లేసి ఉండే చెప్పు మీదేనా అన్నా?"

అందరం గుమ్మం వైపు చూశాం. ఆ చెప్పులు అక్కడే ఉన్నాయి. అంచుల్లో మట్టి ఇంకా పోలేదు.

తమ్ముడి భుజాలు ఊగాయి. ఆపుకుందామని చూశాడు, పాపం. కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. చేత్తో నోరు మూసుకోబోయాడు గానీ నవ్వు ఆగలేదు, పన్ను మీద పన్నుతో సహా బయటపడింది.

కోమలి వాడి ముఖంలోంచి కళ్ళు తిప్పలేదు. ఫోన్ పక్కన పెట్టేసింది.

"ఈయనే నాయనా," అంది.

తిరుగు బస్సులో అమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి హాయిగా. తమ్ముడు కిటికీలోంచి చూస్తూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. మా ఆయన చెప్పుల అంచుల్లోని మట్టి గోటితో గీకుతున్నాడు. పోనీ, ఒక ముక్క ఓదార్పుగా అందామని నేను అటు తిరిగాను.

"ముందర ఏదో ఒకటి మసకమసగ్గా అడ్డం ఉంటేనే ఫోటోకి లోతు వస్తాది," అన్నాడాయన. "అందుకే కాలెత్తినాను."