రెండు కురచ కూతలు

మా ఇంజనుకు నాలుగే చక్రాలు. పెద్ద ఇంజన్లు తిరగలేని ఇరుకు మలుపుల్లో బొగ్గు వ్యాగన్లను తోసే పని దానిది. డ్రైవరు అలీముద్దీన్ భాయ్. నేను ఫైర్‌మన్‌ను. బొగ్గు వెయ్యడం, బాయిలర్లో నీళ్లు చూసుకోవడం నా డ్యూటీ.

రూల్సు ఒప్పుకోవుగానీ, గోదావరిఖని కాలనీలో సగం ఇళ్ల స్నానాలు మా బాయిలర్ నీళ్లతోనే. భాయ్ రెండు కురచ కూతలు వేస్తే చాలు, ఆడవాళ్లు బకెట్లతో వచ్చేవారు.

అరవై తొమ్మిది జనవరి. నా భార్య మల్లక్క ప్రసవమై ఎనిమిది రోజులు. పొద్దున భాయ్ ఆఫీసుకు వెళ్లినప్పుడు ఇంజను ఏటవాలులో ఆగి ఉంది. బాలింతకని మా అక్క సారక్కకు ఆరు బకెట్లు పట్టాను. బాయిలర్ వెనక, నీళ్ల మట్టం చూపే గేజి అద్దంలో నీళ్లు ఇంకా సగం కనబడ్డాయి. ఏటవాలులో నీళ్లు వెనక్కి చేరి ఎక్కువ కనబడతాయని నాకు తెలియక కాదు. కొడుకు పుట్టిన మత్తులో ఆ సంగతే మరిచాను.

చదునుకు రాగానే అద్దం ఖాళీ! చెబితే నౌకరీ పోతుందని నోరు మూసుకున్నాను, సిగ్గులేనివాణ్ణి. పావుగంట అలాగే పనిచేశాం.

కాలనీ దగ్గర భాయ్ ఇంజను ఆపి, అలవాటుగా రెండు కూతలు వేశాడు. తర్వాత అద్దం చూశాడు.

"గట్టయ్యా, నీళ్లేవిరా? ఎప్పుడు చూసినవ్?"

"ఇప్పుడే చూసిన భాయ్. ఇప్పుడే దిగినయ్."

ఇప్పుడే దిగితే కొత్త నీళ్లు వదలొచ్చు. కానీ నీళ్లు లేక నిప్పు మీది రేకు ఎర్రగా కాలిపోయి ఉంటే, చన్నీళ్లు పడగానే బాయిలర్ పేలుతుంది. భాయ్ చెయ్యి నీళ్ల వాల్వు మీదికి వెళ్లింది. అవతల బకెట్లు చప్పుడవుతున్నాయి. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తిప్పకు భాయ్! పావుగంట అయింది!"

ఆయన ముఖం పాలిపోయింది. ఆడవాళ్లను ఆపడానికి పొడుగ్గా కూత వేశాడు. వాళ్లకేం తెలుసు? నీళ్లు అయిపోతున్నాయనుకుని ఇంకా ఉరికొచ్చారు! ముందు భాయ్ భార్య కుబ్రా బేగం, వెనక మా అక్క.

"నువ్వు ఉరుకు, వాళ్లను ఆపు! నిప్పు నేను చూస్త!"

దూకాను. "రావద్దు! పోండ్రి!" అని అరిస్తే నవ్వారు. బొగ్గుపెళ్లలు ఏరి విసిరాను. కుబ్రా బేగం బకెట్ తన్నాను. ఒక పెళ్ల సారక్క భుజానికి తగిలింది. అప్పుడు గానీ వెనక్కి పోలేదు. పిచ్చి పట్టిందని అందరూ తిట్టారు. నేను వెనక్కి చూశాను. భాయ్ ఒక్కడే, పారతో తడి బూడిద ఎత్తి నిప్పు మీద పోస్తూనే ఉన్నాడు. ప్రతి పారకూ నా ప్రాణం పోయి వచ్చింది.

చివరికి పొగ తగ్గింది. భాయ్ దిగి పట్టాల మీద కూలబడ్డాడు.

"మేనేజరుకు నేను చెప్ప. నువ్వే పోయి చెప్పాలె."

"చెప్త భాయ్."

సారక్క భుజం రుద్దుకుంటూ వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి.

"బకెట్ నీళ్లకు గింత కోపమా తమ్మీ? పిలగానికి నీళ్లు పోద్దామనే వచ్చిన."

ఆమె కాళ్లు పట్టుకుని బావురుమన్నాను. పొద్దున ఆమెకు పట్టిన ఆరు బకెట్లే ఇంత పని చేశాయని ఆమెకు చెప్పకుండానే, మేనేజరు ఆఫీసు దారి పట్టాను.